పోర్క్ చాప్స్, పంది కూర

అమెరికన్ వంటల పుస్తకాల్లో పోర్క్ చాప్స్ రోజువారీ వంటే. అంగుళం మందం ముక్కలకి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి అరగంట ఉంచాలి. ఇనప పెనం మీద రెండువైపులా ఎర్రగా వేయించాలి. లోపల వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కి చేరాక దించి 3 నిమిషాలు వదిలెయ్యాలి (2011 నుంచి అక్కడి వ్యవసాయ శాఖ చెబుతున్న లెక్క ఇది). పక్కన నిమ్మరసం పిండిన పచ్చి క్యాబేజీ తరుగు. ముక్క అంచున కరిగే కొవ్వుకి ఆ పులుపు ఉండాల్సిందే.

అన్నీ 'ఉంచాలి', 'వేయించాలి'. ఎవరు? వంట రాతల్లో కర్త ఉండదు. ఆఫీసు నుంచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడేది ఎవరో చెప్పక్కర్లేదనుకుంటారు కాబోలు. మాంసానికి మాత్రం 3 నిమిషాల విశ్రాంతి రాసిపెట్టి ఉంటుంది!

మన దగ్గరికొచ్చేసరికి కర్తతో పాటు పేరు కూడా మాయమవుతుంది. 'పోర్క్ చాప్స్' అంటే హోటల్ మెనూలో దర్జాగా కూర్చుంటుంది. అదే 'పంది కూర' అంటే కులం అడుగుతారు, అద్దె ఇల్లు దొరకడం కష్టమవుతుంది. తరతరాలుగా దాన్ని కడిగి, కోసి, వండిన దళిత, ఎరుకల స్త్రీల నేర్పు మహిళా పేజీల వంటల శీర్షికల్లో నాకు కనిపించదు. పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు 2009లోనే దళితుల ఆహార జ్ఞాపకాలు సేకరించి 'ఈ పళ్ళెం భారతీయం కాదా?' అని అడిగారు. మరాఠీలో షాహూ పటోలే పుస్తకం 2015లో వచ్చింది.

అలాంటిది తెలుగులో ఆ ఆడవాళ్ళే రాస్తే చదవాలని ఉంది, 'నేను కడిగాను, నేను కోశాను' అంటూ.