సూర్యకాంతం అనే పేరు

మా ఇంట్లో ఒక సూర్యకాంతం ఉంది. అది ఆమె అసలు పేరు కాదు. మా నాన్న అన్నగారి భార్య, మాకు పెద్దమ్మ. ముప్ఫై దాటకముందే భర్త పోయాడు. చేతిలో ఇద్దరు ఆడపిల్లలు, మూడెకరాల పొలం. కౌలు బస్తాలు కాటా వేసేటప్పుడు పక్కన తనే నిలబడేది. బాకీ ఎగ్గొట్టినవాళ్ల గుమ్మం ముందుకెళ్లి వీధంతా వినబడేలా అడిగేది. మరుదులు పొలం గట్టు జరిపారని తెలిసిన రోజున పంచాయితీ పెట్టించి, గట్టు మళ్లీ పాతచోటికి వచ్చేదాకా నోరు మూయలేదు. 'మా వదిన కాదురా, సూర్యకాంతం' అని పేరు పెట్టింది ఆ మరుదులే. వాళ్లలో మా నాన్న ఒకరు. పెళ్లిళ్లలో, పండగల్లో ఆమె వెనకాల ఆ పేరు వినబడగానే పిల్లలం పకపకా నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

పెద్దయ్యాక నవ్వడం మానేసి సిద్ధాంత గ్రంథం రాశాను. తెలుగు రచయిత్రుల కథల్లో అత్తాకోడళ్ల సంబంధం నా పరిశోధనాంశం. అందులో సినిమాకు దక్కింది ఒకే ఒక్క పేరా. గయ్యాళి అత్త అనే మూసపాత్రను తయారుచేసి, కుటుంబంలోని హింసకు బాధ్యతంతా ఆడవాళ్ల మీదికే నెట్టింది తెలుగు సినిమా అని రాసి, ఉదాహరణగా సూర్యకాంతం పేరు బ్రాకెట్లలో పెట్టాను. ఆ వాక్యం తప్పని ఇవాళ కూడా అనను. కానీ ఒక నటి దశాబ్దాలపాటు చేసిన పనిని రెండు బ్రాకెట్ల మధ్య మూసేసిన నేను, వీధి అరుగు మీద కూర్చుని పేర్లు పెట్టిన మా నాన్నకంటే భిన్నంగా ఏం చేసినట్టు?

ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. 2024లో సూర్యకాంతం శతజయంతి. ఆ రోజుల్లోనే పెద్దమ్మకి కంటి శుక్లాల ఆపరేషన్ అయితే నా దగ్గర పదిరోజులుంది. కట్టు విప్పాక 'గుండమ్మ కథ' పెట్టాను. సినిమా అంతా ఒక్కమాట కూడా మాట్లాడకుండా చూసింది. అయ్యాక, 'ఆవిణ్ణి చూసీ నవ్వారు, నన్ను చూసీ నవ్వారు. ఆవిడకి డబ్బులిచ్చారమ్మా' అంది. నాకు నవ్వొచ్చింది. కాసేపటికి సిగ్గేసింది. సూర్యకాంతం చేసింది పని అనీ, దానికి కూలీ ఉందనీ, ఆ పనికి నేర్పు కావాలనీ మా పెద్దమ్మ ఒక్క ముక్కలో చెప్పేసింది. నా పరిశోధనలో అది లేదు.

ఆ పని ఎంతదో తెలియాలంటే ముందు కొన్ని తేదీలు చూడాలి. సూర్యకాంతం పుట్టింది 1924 అక్టోబరు 28న, కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో. అక్కినేని నాగేశ్వరరావు పుట్టింది అదే ఏడాది సెప్టెంబరు 20న. ఇద్దరికీ నలభై రోజుల తేడా కూడా లేదు. 1962లో 'గుండమ్మ కథ' విడుదలయ్యేనాటికి ఇద్దరికీ ముప్ఫై ఏడేళ్లే. ఆయన అందులో పాటలు పాడుకునే కుర్రవాడు, ఆమె అతనికి పిల్లనిచ్చిన అత్త. ఇంకా వెనక్కి వెళ్తే 1957 నాటి 'మాయాబజార్'లో ఆమె హిడింబి, ఘటోత్కచుడి తల్లి. ఘటోత్కచుడుగా వేసిన ఎస్.వి. రంగారావు పుట్టింది 1918లో. తనకంటే ఆరేళ్లు పెద్దవాణ్ణి ముప్ఫై మూడేళ్లయినా నిండని ఆమె 'నాయనా' అన్నట్టు చూడాలి, మనం నమ్మాలి. నమ్మాం. ఇన్నేళ్లుగా ఆ సినిమా చూస్తూ అక్కడ ఒక్కసారి కూడా మనకి అనుమానం రాలేదు. ఇది వేషధారణ మహిమ అని సరిపెట్టుకోగలమా? నడుం ఎలా నిలపాలి, నడకలో బరువెక్కడ వేయాలి, గొంతులో ఎంత వయసు పలికించాలి అనే లెక్క తెలియకపోతే ఇది సాధ్యం కాదు. ఆ లెక్క వేసింది ఆమే.

కానీ మన ప్రశంసల భాష చూడండి. సూర్యకాంతం గురించి ఎవరిని అడిగినా 'ఆవిడ నటించలేదండీ, జీవించింది' అంటారు. పొగడ్తలాగే వినిపిస్తుంది. కాస్త ఆగి ఆలోచిస్తే, ఆవిడకి నటన రాదు, ఆవిడ అంతే అని కూడా దానికి అర్థం వస్తుంది. ఎస్.వి. రంగారావు 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడుగా, 'నర్తనశాల'లో కీచకుడుగా వేస్తే ఆయన స్వభావం అదేనని ఎవరూ అనుకోలేదు. ఆయనకి చక్రవర్తి అని బిరుదిచ్చారు. సూర్యకాంతానికి మాత్రం ఆడపిల్లలకి ఆ పేరు పెట్టుకోవడమే మానేశారని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. మగనటుడి దుష్టత్వం కళ అవుతుంది. నటి గయ్యాళితనం ఆమె ఇంటిపేరైపోతుంది.

ఈ అలవాటు ఆమె ఒక్కతెతో ఆగలేదు. ఆ తరం నటీమణుల్లో ముగ్గురిని తీసుకుంటే ముగ్గురికీ మూడు మాటలు తగిలించి పెట్టుకున్నాం. భానుమతి పొగరుబోతు, సావిత్రి అమాయకురాలు, సూర్యకాంతం గయ్యాళి. ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా ఆడవాళ్లని పంచేసుకోవడానికి వాడే మూడు మాటలే ఇవి. పొగరుబోతు అనిపించుకున్న భానుమతి 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసి దర్శకత్వం వహించింది. తన పాటలు తనే పాడుకుంది. 'అత్తగారి కథలు' రాసి, అత్తని చూసి నవ్వుకుంటూనే ఆమెను మనిషిగా చూడవచ్చని కోడలి గొంతుతో చూపించింది. అమాయకురాలనిపించుకున్న సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు'కి దర్శకురాలు. 2018లో వచ్చిన 'మహానటి' తర్వాత కొత్త తరానికి కూడా ఆమె కన్నీళ్లు తెలిశాయి. మంచిదే. కానీ ఆమె ప్రేమ, పెళ్లి, పతనం గురించి గంటలు మాట్లాడేవాళ్లు, 'మాయాబజార్'లో మాయాశశిరేఖగా ఆమె ఏం చేసిందో రెండు నిమిషాలు చెప్పమంటే తడుముకుంటారు.

అదేమంత చిన్న విషయం కాదు. అక్కడ సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఆడదానిలా నటిస్తున్న మగవాణ్ణి ఒక స్త్రీ నటించాలి. పెళ్లి సంబరంతో ఊగిపోయే పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు వచ్చినప్పుడల్లా ఆమె భుజాలు, కనుబొమలు, కాళ్లు మగవాడివైపోతాయి. మళ్లీ చిటికెలో సిగ్గుపడే పెళ్లికూతురవుతుంది. సిగ్గు అనేది ఆడవాళ్లకి పుట్టుకతో రాదనీ, ఎవరైనా నేర్చుకుని ప్రదర్శించగలిగేదేననీ ఇప్పుడు సిద్ధాంత గ్రంథాల్లో చదువుకుంటున్నాం. తెలుగు ప్రేక్షకులకి సావిత్రి 1957లోనే ఒళ్లుతో చూపించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. సావిత్రికి శశిరేఖ ఉంది, 'మిస్సమ్మ' ఉంది, ఇంకా ఎన్నో ఉన్నాయి. సూర్యకాంతానికి అత్త తప్ప ఏముంది, వైవిధ్యం ఎక్కడుంది అని. వైవిధ్యాన్ని వేషాల లెక్కతో కొలిచినంతకాలం ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. ఎందుకంటే వేషం నటి చేతిలో ఉండదు. ఎవరో రాయాలి, ఎవరో ఇవ్వాలి. రంగారావుకి రాజులు, రాక్షసులు, మాంత్రికులు, తాతలు అందరూ దొరికారు. 1950లో 'సంసారం'లో గయ్యాళి అత్తగా మెప్పించిన తర్వాత సూర్యకాంతానికి ఎక్కువగా వంటిల్లూ వాకిలీ మాత్రమే దొరికాయి. కాబట్టి అడగాల్సింది ఎన్ని వేషాలు వేసిందని కాదు, ఇచ్చిన ఆ ఒక్క వేషంలోనే ఎంతమందిని చూపించిందని.

'మాయాబజార్' వచ్చిన ఏడాదే 'తోడికోడళ్లు' కూడా వచ్చింది. శరత్ 'నిష్కృతి' దానికి ఆధారం. అందులో ఆమె అనసూయ, ఉమ్మడి కుటుంబంలో ఒక తోడికోడలు. అక్కడ ఆమె ఆయుధం కేక కాదు, అనుమానం. తన వాటా ఏమవుతుందో అనే భయం పట్టిన మనిషి ఆమె. మొగుడుగా వేసిన రేలంగి పక్కన ఆ భయం హాస్యంలా కనిపిస్తుంది గానీ, ఉమ్మడి ఆస్తిలో ఏ కోడలికి మాత్రం ఆ భయం లేదు? ఐదేళ్ల తర్వాతి గుండమ్మ దానికి పూర్తిగా వేరు. ఆమెది భయం కాదు, పెత్తనం.

ఆ ఒక్క సినిమాలోనే నలుగురు గుండమ్మలున్నారు. సవతి కూతురు లక్ష్మి ముందు ఒకామె. మాటలు వేగంగా, తెగిపోకుండా, ఊపిరి తీసుకునే సందు ఎదుటివాళ్లకి ఇవ్వకుండా వస్తాయి. ఎడమచెయ్యి మాటకంటే ముందు లేస్తుంది. కన్నకూతురు సరోజ ముందు ఇంకొకామె, గారాబంతో మెత్తబడిపోయే తల్లి. గంటయ్య చాడీలు వినేటప్పుడు మూడో ఆమె, తెలివైనదాన్ననుకుంటూ మోసపోయే అమాయకురాలు. ఇక దుర్గమ్మగా ఛాయాదేవి ఇంట్లో అడుగుపెట్టాక నాలుగో ఆమె బయటికొస్తుంది. తన ఇంట్లోనే తను పరాయిదైపోయి, దెబ్బతిన్న ముసలితల్లి. ఆ ఇద్దరి మధ్య సన్నివేశాలని గయ్యాళుల పోట్లాటగా చూసి నవ్వేస్తాం. అంతవరకూ ఇల్లంతా నిండిన గొంతు ఎలా కుంచించుకుపోయిందో గమనించం. ఎన్టీఆర్, ఏఎన్నార్, రంగారావు, సావిత్రి, జమున అందరూ ఉన్న సినిమాకి ఆమె పాత్ర పేరు పెట్టడం ఊరికే జరగలేదు. కథ బరువంతా మోసింది ఆమె.

కథ మాత్రం ఆమె పక్షాన లేదు. కన్నడంలో వచ్చిన 'మనె తుంబిద హెణ్ణు' దీనికి మూలం. షేక్స్‌పియర్ రాసిన గయ్యాళి పెళ్లాన్ని లొంగదీసే నాటకం నీడ కూడా దీని మీద ఉందంటారు. కూతురికి కష్టాలు చూపించి పొగరు దించుతారు, తల్లిని మరో గయ్యాళి చేత దించుతారు. చివరికి అందరూ మంచివాళ్లవుతారు. అయితే గుండమ్మ ఎవరు? మొగుడు పోయిన ఆడది. ఆస్తి ఉంది, పెళ్లి కావలసిన పిల్లలున్నారు, చుట్టూ కన్నేసిన బంధువులున్నారు. నోరు ఆమెకి పొలం గట్టు. లక్ష్మిని ఆమె పెట్టిన బాధల్ని నేను సమర్థించడం లేదు. తన కింద ఉన్న ఒకే ఒక్క మనిషి మీద తన అధికారం చూపించే స్త్రీ హింస నిజమే, మన కథల్లోనూ ఇళ్లల్లోనూ ఉన్నదే. కానీ ఆ నోరు అలా ఎందుకయిందో కథ చెప్పదు. సూర్యకాంతం చెబుతుంది. సరోజ భవిష్యత్తు మాట వచ్చినప్పుడల్లా ఆమె గొంతులో కదిలే కంగారులో చెబుతుంది. రచయిత ఇవ్వని కారణాన్ని నటి ఇచ్చింది. అందుకే దించేసిన గుండమ్మ ఎవరికీ గుర్తులేదు, అరిచే గుండమ్మే అందరికీ గుర్తుంది.

ఇందులో ఒక చేదు ఉంది, దాన్ని దాచి పొగడ్తలు రాయలేను. ఆమె అంత గొప్పగా చేసింది కాబట్టే ఆ పేరు అంత పదునైన తిట్టయింది. నోరున్న ప్రతి ఆడదాని మీదా విసరడానికి ఊరికో రాయి దొరికింది. మా పెద్దమ్మకి తగిలిన రాయి అదే. గట్టు జరిపిన మరుదులకి ఏ పేరూ రాలేదు. అయితే రాయి విసిరింది సూర్యకాంతం కాదు. ఒక నటి పనిని తీసుకెళ్లి ఇంకో స్త్రీని నోరు మూయించడానికి వాడుకున్నవాళ్లని వదిలేసి, ఆ నటినే ముద్దాయిని చేయడం సులభమైన స్త్రీవాదం. నేను నా గ్రంథంలో చేసింది అదే.

రచయిత్రుల కథల్ని మనం వాక్యం వాక్యం విప్పి చదువుతాం. మౌనాలు వెతుకుతాం, చెప్పనిది పట్టుకుంటాం. నటీమణుల దగ్గరికి వచ్చేసరికి జీవితచరిత్ర చదివి కళ్లు తుడుచుకుంటాం, లేదా పాత్ర పేరు చూసి తీర్పిచ్చేస్తాం. వాళ్ల వాక్యం ఒళ్లు, గొంతు, చూపు. దాన్ని చదవడానికి మనం భాష తయారుచేసుకోలేదు. ఛాయాదేవి చల్లటి కర్కశత్వం గురించి, నిర్మలమ్మ నాటకరంగం నుంచి తెచ్చుకున్న మాట విరుపు గురించి, రమాప్రభ హాస్యంలోని లయ గురించి మన విమర్శలో ఎన్ని పేజీలున్నాయి? 1950లో 'షావుకారు'తో వచ్చిన జానకికి పద్మశ్రీ వచ్చింది 2022లో. ప్రభుత్వం ఆలస్యం చేసిందని విసుక్కోవచ్చు. మనం ఇంకా మొదలే పెట్టలేదు.

నా గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా సరిదిద్దుతున్నాను. ఆ పేరా అలాగే ఉంది, బ్రాకెట్లు తీసేశాను. వాటి స్థానంలో ఒక అధ్యాయం పెరుగుతోంది. రాసినంత మేరకు పెద్దమ్మకి చదివి వినిపించాను. అంతా విని, 'నా సంగతి రాస్తే గట్టు సంగతి కూడా రాయి' అంది. రాశాను. నాన్న చదువుతారు.