జారిన లెన్స్‌కు కొత్త పట్టు

మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు చుక్కలు వేసి, కంటిపాప విప్పారాక స్లిట్‌ల్యాంప్ కింద చూస్తే చాలామందిలో లెన్స్ అంచు బయటపడి కనిపిస్తుంది. మామూలు కంట్లో ఆ అంచు నల్లగుడ్డు చాటునే ఉండాలి. కంటి లెన్స్ ఉట్టిలా సన్నని దారాల మీద వేలాడుతుంది. ఆ దారాలకు బలం ఫిబ్రిల్లిన్ అనే ప్రొటీన్. మార్ఫాన్‌లో దాన్నిచ్చే ఎఫ్‌బీఎన్1 జన్యువు చెడడంతో దారాలు సాగుతాయి, తెగుతాయి. లెన్స్ ఎక్కువగా పైకి, కణత వైపు జరుగుతుంది.

హోమోసిస్టినూరియా అనే మరో జబ్బులో లెన్స్ ఎక్కువగా కిందికి జారుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఇది బయటపడుతుంది కాబట్టి, మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో దీన్ని మరవకూడదు. ఈ పిల్లలకు మత్తిస్తే రక్తం గడ్డకట్టే ముప్పుంది. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే థియేటర్. మార్ఫాన్ అయితే గుండెకు ఎకో తప్పదు.

జారిన ప్రతి లెన్స్‌నూ తీసేయరు. అద్దాలతో చూపు వస్తున్నంత కాలం కత్తి పట్టని డాక్టరే మంచి డాక్టరని నా లెక్క. దానికీ హద్దుంది. చిన్నతనంలో బొమ్మ స్పష్టంగా అందకపోతే మెదడు ఆ కంటిని లెక్కచేయడం మానేస్తుంది.

లెన్స్ తీయడం కాదు కష్టం, కొత్తదాన్ని దేనికి తగిలించాలన్నదే. 1998లో అమెరికా సర్జన్ రాబర్ట్ సియోనీ కొక్కెమున్న రింగును ముందుకు తెచ్చారు. రింగును లెన్స్‌ను చుట్టి ఉండే సంచిలో పెట్టి, కొక్కేన్ని తెల్లగుడ్డుకు కుడతారు. సంచి దక్కితే మంచి పద్ధతే. కానీ కుట్టుకు వాడే సన్నని పాలీప్రొపిలీన్ దారం ఏళ్లు గడిచాక తెగిపోవచ్చు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ఆ దారం సరిపోతుందేమో, ఏడేళ్ల పిల్లకు ఎలా సరిపోతుంది?

కుట్టు లేకుండా కొత్త లెన్స్‌కు ఇరువైపులా ఉండే సన్నని కాళ్లను తెల్లగుడ్డులోనే దూర్చే దారి జర్మనీలో గాబోర్ షారియోత్ చూపించారు. 2007 డిసెంబరులో చెన్నైలో అమర్ అగర్వాల్ దానికి జిగురు జోడించారు. తెల్లగుడ్డు మీద ఎదురెదురుగా రెండు చోట్ల పలుచని పొర లేపుతారు. ఆ పొరల కింద సూదితో రంధ్రాలు చేసి, కంటి వెనక భాగం నుంచి ముందుకొచ్చే విట్రియస్ జెల్‌ను కత్తిరించి తీసేస్తారు. మడిచిన లెన్స్ లోపలికి వెళ్లాక దాని కాలి కొనను ఒక ఫోర్సెప్స్ అందుకుంటుంది, అవసరమైతే రెండోదానికి అందిస్తుంది. కొననే పట్టాలి. నడుమ పట్టి లాగితే కాలు వంగిపోతుంది. బయటికొచ్చిన కొనను తెల్లగుడ్డు మందంలోనే చేసిన సన్నని సొరంగంలోకి దూర్చి, పొరలను ఫైబ్రిన్ గ్లూతో అతికిస్తారు. పేరు జిగురుకు వచ్చింది గానీ, లెన్స్‌ను అసలు పట్టి ఉంచేది సొరంగమే. జపాన్ సర్జన్ షిన్ యమానే 2017లో ప్రచురించిన పద్ధతిలో జిగురూ లేదు, పొరలూ లేవు. కాలి కొనను వేడిచేసి చిన్న బొడిపెగా మార్చి, సూది చేసిన దారిలో ఇరికిస్తారు.

అమర్చిన లెన్స్ దగ్గరికీ దూరానికీ సర్దుకోలేదు. అందుకే బడి పిల్లలకు బైఫోకల్స్, బద్ధకించిన కన్ను పని చేసేలా మంచి కంటికి ప్యాచ్. మార్ఫాన్ కళ్లలో రెటీనా ఊడే ముప్పు ఆపరేషన్ తర్వాతా పోదు గనక ఏటా చూపించుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి మార్ఫాన్ ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. కాబట్టి ఒక బిడ్డలో జబ్బు తేలిన రోజే తోబుట్టువుల కళ్లలోనూ చుక్కలు వేయించాలి.