దేవరగట్టు రాక్షసుడు ఎవరి మనస్సులో ఉన్నాడు?

పురాణకథ మన అచేతన మనస్సు కన్న కల అనే సిద్ధాంతం పడమటి దేశాల నుంచి మనకు చేరి చాలాకాలమయింది. ఫ్రాయిడ్ "టోటెమ్ అండ్ టాబూ" 1913 నాటిది. యూంగ్ ఆ ఆలోచనను సామూహిక అచేతన దాకా సాగదీశాడు. జోసెఫ్ కాంబెల్ 1949లో ప్రపంచంలోని వీరులందరినీ ఒకే యాత్రకు పంపించాడు. ఇప్పుడది మన విద్యార్థుల దాకా వచ్చింది: రావణుడు లంకలో లేడు, నీలోనే ఉన్నాడు, వాణ్ణి జయించు, నీ బ్రతుకుకు అర్థం దొరుకుతుంది. మాట వినసొంపుగానే ఉన్నది. దాని నిజానిజాలు తేల్చుకోవడానికి గ్రీకు పురాణాల దాకా పోనక్కరలేదు. కౌతాళానికి పొరుగున, హోళగుంద మండలంలోని దేవరగట్టు కొండకు పోతే చాలు.

మణి, మల్లాసురులనే రాక్షసులు మునులను బాధించగా శివుడు భైరవరూపంలో వారిని సంహరించాడనేది అక్కడి స్థలపురాణం. విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరులకు కల్యాణం చేసి విగ్రహాలను ఊరేగిస్తారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వారు వాటికి కాపలా. ఇరుగుపొరుగు ఊళ్లవారు వాటికోసం వచ్చి పడతారు. చేతుల్లో ఇనుపకట్లు వేసిన కర్రలు, దివిటీలు. దీనినే బన్ని అంటారు. ఏటా తలలు పగులుతాయి. ప్రాణాలు పోయిన ఏండ్లూ ఉన్నాయి. గాయానికి పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో దూరేవాళ్లున్నారు.

యూంగ్ శిష్యుడు దీనిని ఎలా చదువుతాడో ఊహించడం కష్టం కాదు. రాక్షసుడంటే మనిషి తనలో ఒప్పుకోలేక బయటికి నెట్టిన "ఛాయ". చీకటి, కొండ, దివిటీ, అన్నీ ఆత్మాన్వేషణకు సంకేతాలే. ఇంత చక్కగా కుదిరిన వ్యాఖ్యానమంటే నాకు అనుమానం. ఇందులో నెరణికి పేరు తీసేసి ప్రపంచంలో ఏ ఊరి పేరు పెట్టినా మరొక్క అక్షరం మార్చనక్కరలేదు!

అయితే ఆ రాత్రి మరొక తంతు జరుగుతుంది. దారిలో రాక్షసుల గుర్తుగా ఉన్న రాళ్ల దగ్గర ఒక గొరవయ్య తన తొడ కోసి పిడికెడు రక్తం అర్పిస్తాడు. చచ్చిన రాక్షసుడికి నైవేద్యమెందుకు? మనం మామూలుగా వాడే "మూఢనమ్మకం" అనే మాట ఇక్కడ ఏమీ చెప్పలేదు. ఫ్రాయిడ్ కొంత చెప్పగలడు. చంపిన శత్రువును శాంతింపజేసే ఆచారాలలో ద్వేషంతోపాటు పశ్చాత్తాపమూ ఉంటుందని ఆయన ఆ 1913 గ్రంథంలోనే గుర్తించాడు. కొట్టిపారేయదగిన మాట కాదది. గెలిచినవాళ్ల కథలో ఓడినవాడి బాకీ ఇంకా తీరలేదన్నమాట.

కాని ఆ బాకీ ఎవరిది? ఫ్రాయిడ్ దానిని ఆదిమకాలపు పితృహత్య ఖాతాలో వేసి మానవజాతి అంతటికీ సమానంగా పంచిపెట్టాడు. పంపకం అక్కడే తప్పింది. మణి మల్లుల కథ దేవరగట్టు ఒక్కదానిదే కాదు. మహారాష్ట్రలో జెజూరి ఖండోబా, కర్ణాటకలో మైలారలింగడు చంపినదీ వీరినే. జెజూరి కథలో మణి చివరి క్షణాన శరణువేడి పూజలో చోటు సంపాదించుకున్నాడు. దక్కను మెట్టల్లో గొర్రెలు కాచుకునే జనం కొలిచిన దేవుడు శివుడిలో కలిసిపోయిన వైనం ఇందులో ఉన్నది. గొరవయ్యలు ఆ మైలారుడి భక్తులే. బాకీ మానవజాతి పేరున రాసినా, తీరుస్తున్నది మాత్రం గొరవయ్య తొడ. కోశాంబి 1962లో "మిత్ అండ్ రియాలిటీ" ప్రకటించాడంటే, అంతకు ముందు పుణె చుట్టుపక్కల పల్లెల్లో దేవతల రాళ్ల వెంట కాలినడకన తిరిగినవాడు గనుక. ఊర్వశీ పురూరవుల విరహాన్ని కూడా ఆయన సమాజ చరిత్రగానే చదివాడు.

ఇంతమాత్రం చేత మనవాళ్ల తప్పేమీ లేదని కాదు. అభ్యుదయవాదులు చాలామంది బన్నిని అజ్ఞానమనీ సారాయి అనీ తేల్చేసి ఊరుకుంటారు. పోలీసు ఆంక్షల భాషా దాదాపు అదే. తల పగిలినవాడు మరుసటి ఏడు మళ్లీ ఎందుకు వస్తున్నాడో ఆ మాటతో తేలదు. ఈ పడమటి మండలాల్లో వానలు తప్పితే ఇండ్లకు తాళాలు వేసుకుని గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. అక్కడ వాడు ఉత్త కూలి. బన్ని రాత్రి వాడు దేవుణ్ణి కాచే మనిషి, లేదా దేవుణ్ణి తన ఊరికి లాక్కుపోగల మనిషి. నాకు తోచిన కారణం ఇది. ఇది మనస్సుకు సంబంధించిన విషయమే, సందేహం లేదు. కాని ఆ మనస్సుకు ఊరున్నది, అప్పున్నది. సుగ్గికి పోయిన తల్లిదండ్రుల బిడ్డ ఆదోనిలో చదువుకుంటూ "రాక్షసుడు నీలోనే ఉన్నాడు" అన్న మాట నమ్మితే, ఇంటి అప్పును కూడా తన మనోదౌర్బల్యం కింద జమకట్టుకుంటాడు. నా అభ్యంతరమంతా ఇక్కడ.

పురాణంలో సొంత బ్రతుకుకు అర్థం వెతుక్కోవడమే తప్పనడం లేదు. 2015లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన ఓల్గా "విముక్త"లో సీత చేసినది అదే. కాని ఆమె కళ్లు మూసుకుని లోపలికి చూసుకోలేదు. శూర్పణఖ తోటకు పోయింది. అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసింది. యూంగ్ లెక్కలో శూర్పణఖ సీతకు ఛాయ మాత్రమే అవుతుంది. ఓల్గా కథలో శూర్పణఖకు ముక్కు చెవులు కోయించుకున్న సొంత చరిత్ర ఉన్నది, సీతతో చెప్పదగిన మాటలున్నాయి. మణికీ మల్లుడికీ అటువంటి మాటలిచ్చే కథను ఆ ప్రాంతపు విద్యార్థులే రాయాలి. రాయబోయే ముందు మన్స్తత్వ గ్రంథాలు చదివితే చదవనీండి. నాలుగు రోజులు గొరవయ్యల దగ్గర కూడా కూర్చుని వినమనండి.