సుద్దముక్క నడకలో గణితం

గణిత ప్రసంగానికి సిద్ధమయ్యేవారు శ్రోతలెవరో ముందుగా తెలుసుకోవలసిన అవసరం ఎక్కడైనా ఉన్నదే అయినా, బస్తర్‌లో అది మరింత స్ఫుటంగా కనిపిస్తుంది. అక్కడి ఇళ్లలో హల్బీ, గోండీ, ధుర్వా భాషలు, దక్షిణాన భోపాలపట్నం, కోంట వైపు తెలుగు వినిపిస్తాయి. 2008లో జగదల్‌పుర్‌లో ఏర్పడి ఇప్పుడు శహీద్ మహేంద్ర కర్మ పేరుతో నడుస్తున్న విశ్వవిద్యాలయానికి చేరేసరికి చెవిన పడేది హిందీ, పైస్థాయి గణిత గ్రంథాల్లో కనిపించేది ఎక్కువగా ఇంగ్లీషు. వక్త చెప్పిన నిర్వచనం శ్రోత మనసులో ముందు భాష మారి, ఆ తర్వాతే అర్థమవుతుంది కాబట్టి, ఆ వ్యవధి దొరకనివారు తొలి పది నిమిషాల్లోనే దారి తప్పి, మిగిలిన సమయమంతా మర్యాద కోసం కూర్చుంటారు.

ఆ వ్యవధిని ఇవ్వడంలో నల్లబల్లకు సాటి లేదు. తెరమీద సిద్ధాంతం, అంటే నిరూపణ పొందిన గణిత వాక్యం, ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. సుద్దముక్కతో రాసేటప్పుడు వక్త చేయి కదిలిన వేగానికే శ్రోత ఆలోచనా కదులుతుంది.

ప్రధాన సంఖ్యలు, అంటే 1తోనూ తమతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగింపబడని, 1 కంటె పెద్ద సంఖ్యలు, అనంతమని యూక్లిడ్ చూపిన వాదననే తీసుకోవచ్చు. ఎంచుకున్న ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలిపితే, వాటిలో దేనితో భాగించినా శేషం 1 మిగులుతుంది గనుక, కొత్త ప్రధాన భాజకం ఒకటి ఉండక తప్పదు. 2×3+1 = 7, 2×3×5+1 = 31, ఆపై 211, 2311 అన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో, ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని శ్రోత నమ్మేస్తాడు. 13 వరకు గుణించి 1 కలిపితే వచ్చే 30031 మాత్రం 59, 509ల లబ్ధం. ఈ గుణకారాన్ని బల్లమీద అంకె అంకెగా చేసి చూపడానికి, ప్రసంగం చివర దాచుకున్న సాధారణ సూత్రాన్ని వదులుకోవలసి వచ్చినా వదులుకోవాలి.

వదులుకోవడం పెద్దలకూ తప్పదు. 2010 ఆగస్టులో హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ గణితవేత్తల మహాసభలో ప్రధాన ప్రసంగాలకు గంట, విభాగ ప్రసంగాలకు ముప్పావు గంట మాత్రమే. ఫీల్డ్స్ పతకం పొందిన న్గో బావో చౌ నిరూపణ వందకు పైగా పుటలు నిండినది. దాన్ని ఇతర శాఖలవారికి పరిచయం చేసిన జేమ్స్ ఆర్థర్‌కు పుటలన్నీ విప్పే వీలెక్కడిది?

ప్రశ్నల సమయాన్ని కూడా ప్రసంగంలో భాగంగానే లెక్కవేసుకోవాలి. 30031ని చూసిన విద్యార్థి, ఈ పద్ధతిలో ప్రధాన సంఖ్యలు అంతులేకుండా వస్తూనే ఉంటాయా అని అడగవచ్చు. అది నేటికీ ఎవరూ తేల్చలేదని వక్త సూటిగా చెప్పి, ఆ ప్రశ్నను అడిగినవారి మాటల్లోనే బల్లమీద రాయాలి.