నాలుగు తెడ్లూ ఒక్కసారే పడాలి

2024 సెప్టెంబర్ 1. పారిస్ శివార్లలోని వేర్-సుర్-మార్న్ నీళ్ల మీద పారాలింపిక్స్ రోయింగ్ ఫైనల్ బి జరిగింది. నంద్యాల జిల్లాకు చెందిన కొంగనపల్లి నారాయణ, రాజస్థాన్‌కు చెందిన అనిత కలిసి నడిపిన పడవ ఆ రేసులో రెండోది, మొత్తం మీద ఎనిమిదోది. అదే వారంలో వరంగల్ వైపు కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఊరూరా ఆమె పేరు మోగింది, మోగవలసిందే. ఎనిమిదో స్థానానికి మాత్రం పతకాల పట్టికలో గడి ఉండదు. అందుకే నారాయణ ఎవరని శ్రీరాంసాగర్ జలాశయం పక్కనున్న పోచంపాడ్‌లో చేపల ఫ్రై దుకాణాల దగ్గర అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఎనిమిది దాకా రావడానికి ఆయన ఏం చేశాడో తెలిస్తే మనం ఆ అంకెను ఇంత తేలిగ్గా దాటిపోం.

నారాయణ సైనికుడు. 2015లో జమ్మూ కశ్మీర్‌లో గస్తీ తిరుగుతుండగా మందుపాతర పేలి ఎడమ కాలు పోయింది. ఆ తర్వాత పుణెలోని ఆర్మీ రోయింగ్ నోడ్‌లో తెడ్డు పట్టాడు.

రోయింగ్‌ను ఒడ్డు నుంచి చూసేవాళ్లకు చేతులే కనిపిస్తాయి, కానీ పడవను ముందుకు పంపేది ప్రధానంగా కాళ్లు. సీటు కింద చిన్న చక్రాలుంటాయి, అది పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలు పడవకే బిగించిన బూట్లలో ఉంటాయి. మోకాళ్లు గుండెకు ఆనేంతగా మడిచి ముందుకు జరిగి, తెడ్డు అంచు నీళ్లలో దించి, అప్పుడు కాళ్లతో గట్టిగా తన్నాలి. ఆ తన్ను బలమే నడుము, వీపు, భుజాల మీదుగా తెడ్డుకు చేరుతుంది. మోకాళ్లు అంతగా మడవాలంటే చీలమండ కూడా వంగాలి. మోకాలి కింద కృత్రిమ కాలు ఉన్న రోయర్‌కు అక్కడే చిక్కు వస్తుంది, ఎందుకంటే మామూలు కృత్రిమ పాదం అంతగా వంగదు. ఒక కాలు పూర్తిగా మడిచే లోపే రెండోది ఆగిపోతుంది. తన్నేటప్పుడు బలమున్న కాలు ఎక్కువ నెట్టిందా, తుంటి పక్కకు తిరుగుతుంది, పడవ ఒరుగుతుంది, ఒక తెడ్డు లోతుకు దిగితే రెండోది నీటి పైపైనే జారిపోతుంది. పడవ పది మీటర్ల పొడవుంటుంది, బరువు చూస్తే ముప్ఫై కిలోలు కూడా ఉండదు. ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా వెంటనే చెబుతుంది.

ఇది ఒంటరి పడవ కూడా కాదు. డబుల్ స్కల్స్‌లో ఇద్దరు, ఒక్కొక్కరికి రెండు తెడ్లు. ముందు ఏముందో కనబడకుండా గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. వెనక సీటు మనిషి ముందున్నవారి భుజాలు చూసి కదలాలి. ఇద్దరి శరీరాలూ ఒక్కలా మడవవు, ఒక్కలా తన్నలేవు. అయినా నాలుగు తెడ్లూ ఒక్కసారే నీళ్లలో పడాలి, ఒక్కసారే లేవాలి. అలా రెండు వేల మీటర్లు సాగాలి. జోడీ కుదిరిందంటే ఇద్దరూ కలిసి ఒక కొత్త నడక నేర్చుకున్నట్టే.

పారాలింపిక్స్‌లో రోయింగ్ 2008 బీజింగ్‌తో మొదలైంది. రియో దాకా వెయ్యి మీటర్లే, టోక్యో నుంచి రెండు వేలు. పోటీదారులవి మూడు తరగతులు: భుజాలు, చేతులతో మాత్రమే నడపగలిగినవాళ్లు పీఆర్1, నడుము కూడా సహకరించేవాళ్లు పీఆర్2, కాళ్ల బలాన్నీ కొంత వాడగలిగినవాళ్లు, చూపు లోపం ఉన్నవాళ్లు పీఆర్3. మొదటి రెండు తరగతుల్లో సీటు జారదు. నారాయణ, అనిత దిగిన పీఆర్3 మిక్స్‌డ్ డబుల్ స్కల్స్ పారాలింపిక్స్‌లోకి వచ్చిందే పారిస్‌లో. అంతకు ముందు 2023 అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో ఈ జోడీ రజతం గెలిచింది. 2024 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని చుంగ్జూలో జరిగిన అర్హత పోటీల్లో పారిస్ బెర్తు సంపాదించింది. ఏడాది తిరగకుండా ఆసియా రజతం, పారాలింపిక్స్ ఎనిమిదో స్థానం. ఇది చాలా పెద్ద దూరం.

ఇదంతా పోచంపాడ్‌లో కూర్చుని ఎందుకు రాయాలంటే, ఇక్కడ నీళ్లున్నాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నలభై రెండు గేట్ల వెనక గోదావరి సముద్రంలా పరుచుకుంటుంది. మూడో తరం చేపలు పట్టేవాళ్లున్నారు, తెడ్డు వేయడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గేట్లు ఎత్తిన రోజు జాతీయ రహదారి మీద కార్లు బారులు తీరుతాయి. నీళ్లు చూసి, ఫొటోలు దిగి, చేప తిని వెళ్తారు. పారా రోయర్ నీళ్ల దాకా దిగడానికి దారి లేదు. రాళ్ల కట్ట మీద రెండు కాళ్లున్నవాడే జారుతాడు.

నారాయణకు ఆ దారి సైన్యం వేసింది. కోచ్, పడవ, వైద్యం అన్నీ దొరికాయి. ఈ దగ్గరి ఆర్మూర్ మండలంలో పసుపు పాలిష్ పట్టే యంత్రంలో చెయ్యి నలిగిన కుర్రాడికో, హైవే మీద కాలు పోగొట్టుకున్న అమ్మాయికో ఆ వసతి ఉండదు. రోయింగ్ అనే ఆట ఒకటుందని కూడా వాళ్ల చెవిన పడదు. వైకల్య ధ్రువపత్రం, పింఛను, బస్ పాసు గురించి చెప్పేవాళ్లు ఉంటారు. పడవ గురించి ఎవరు చెబుతారు?

అడుగుతున్నవి కొండంత కోరికలేం కావు. మొదట ఒడ్డున వీల్‌చైర్ దిగేంత ఏటవాలు ర్యాంపు, దాని చివర నీటిమట్టంతో పాటు లేచి దిగే తేలే వేదిక కావాలి. ఈ జలాశయంలో వర్షాకాలానికీ ఎండాకాలానికీ నీటి అంచు చాలా దూరం జరుగుతుంది కాబట్టి స్థిరమైన మెట్లు పనికిరావు. ఈదురుగాలికి అలలు లేస్తాయి కాబట్టి గాలి తక్కువ తగిలే పాయ ఎంచుకోవాలి. ఆ పాయ ఏదో మత్స్యకారులను అడిగితే చెబుతారు, రక్షణ పడవ నడిపే పనీ వాళ్లకే ఇవ్వాలి. నీళ్లలోకి దిగే ముందు నేల మీద రోయింగ్ యంత్రంపై నెలల తరబడి సాధన ఉంటుంది. ఆ యంత్రం ఒకటి ఆర్మూర్‌లోనే ఏదో ఒక ప్రభుత్వ గదిలో పెట్టొచ్చు. జిల్లా క్రీడా శాఖ, నీటిపారుదల శాఖ, మత్స్య శాఖ ఒకసారి కలిసి కూర్చుంటే, వచ్చే కార్తీకానికి, జలాశయం నిండుగా ఉన్నప్పుడే, పాయను కొలిచి గుర్తులు పాతడం మొదలుపెట్టవచ్చు.