ఆకురాయికి కూలీ ఎవరిస్తారు?

మొన్నటి ఈదురుగాలికి మా వీధి చివరి వేపచెట్టు రోడ్డుకు అడ్డంగా పడింది. పెట్రోల్ రంపంతో వచ్చిన కుర్రాడు గట్టు మీద కూర్చుని చైనుకు ఆకురాయి పడుతున్నాడు. బేరం కుదిర్చిన పెద్దమనిషి వచ్చి గయ్యిమన్నాడు: "ఏరా, కొయ్యమని పిలిస్తే కూర్చుని గీకుతావేంటి?" నాకు ఒళ్లు మండింది.

ఆ గీకడమే సగం పని. రంపం పదును ఎలా ఉందో కింద రాలే పొట్టే చెబుతుంది. పదునున్న చైను పెచ్చులు పెచ్చులుగా రాలుస్తుంది. మొద్దుబారితే మెత్తటి పొడి రాలుతుంది, కాసేపటికి పొగ లేస్తుంది. అప్పుడు మనిషి రంపాన్ని అదిమి కోస్తాడు. అదిమేకొద్దీ చేతులు అలిసిపోయి పట్టు సడలుతుంది. ఆ స్థితిలో చైను తిరిగే బారు కొస పైభాగం దేనికైనా తగిలిందా, రంపం ఒక్క ఉదుటున మొహం మీదికి ఎగదన్నుతుంది.

కుర్రాడికి పని తెలుసు. ఇంజను ఆపాడు, ప్లగ్గు క్యాపు పీకాడు, చైన్ బ్రేకు వేశాడు, గ్లోవ్స్ తొడుక్కున్నాడు. గుండ్రటి ఆకురాయిని పంటి లోపలి నుంచి బయటికే తోస్తున్నాడు తప్ప వెనక్కి రుద్దడం లేదు. చాలా చైన్లకు 30 డిగ్రీల వాలు చాలు. ఒక వైపు పళ్లన్నీ అయ్యాకే రెండో వైపు. పళ్ల పొడవులో తేడా వస్తే కోత పక్కకు లాగుతుంది. పంటి ముందు చిన్న బొడిపె ఒకటి ఉంటుంది, పన్ను ఎంత లోతు కొరకాలో చెప్పేది అదే. పంటికన్నా అది సాధారణంగా 0.65 మిల్లీమీటర్ల దిగువన ఉంటే చాలు. జోరుగా తెగుతుందని దాన్ని మరీ అరగదీస్తే ఆ ఎగదన్నుడే పెరుగుతుంది.

ఈ పంటి రూపం ఒక పురుగు పుణ్యం. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు, మొద్దును తొలిచే ఒక పురుగు పిల్ల కుడికీ ఎడమకీ దవడలాడించి కొరకడం చూసి ఈ చైను చేశాడు.

కుడీ ఎడమా అంటే నాకు మా ఊరి కలప అడితే గుర్తొస్తుంది. దుంగను ఎత్తు మీదికి ఎక్కించి, నూలుకు జాజు పూసి గీత కొట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి కోత రంపం లాగేవారు. కిందివాడి కళ్ల నిండా పొట్టే. పొద్దున్నే పని ముందు ముప్పలక ఆకురాయితో పన్ను పన్నూ దిద్ది, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచేవారు. ఆ కీచుమనే మోత వీధంతా వినిపించేది. అడితి యజమాని ఎన్నడూ తొందరపెట్టగా చూడలేదు.

పనిముట్టు పదును పనివాడి బుద్ధి అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు. ఆ ఓపిక ఇప్పటివాళ్లకు లేదని ఈ వారమూ రాసేవాడినే. కానీ అడితి కోతగాళ్లకు ఉన్నది ఓపిక ఒక్కటే కాదు, రోజుకూలీ కూడా. ఆకురాయి పట్టిన గంటకూ కూలీ వచ్చేది.

కోస్తా సరుగుడు తోటల్లో మాత్రం కూలీ టన్ను లెక్కన. మొదలు దాకా కొయ్యమంటాడు ఆసామి, కట్టె బరువు కలిసొస్తుందని. మొదలంటే ఇసుక. చైను ఒక్కసారి ఇసుకను ముట్టుకుందంటే పదును పోయినట్టే. మళ్లీ కూర్చుని ఆకురాయి పట్టాలి, ఆ సేపు ఒక్క కట్టె కూడా తూకానికి రాదు. పిల్లల అన్నం తూకం మీద ఉన్నవాడు మొద్దు చైనుతోనే అదిమి కోస్తాడు. దాన్ని వాడి నిర్లక్ష్యమని నేననను. ఆ చైనును మొద్దుబార్చింది బేరం.

కనుక రంపాన్ని పిలిచేవాళ్లు ఆకురాయి పట్టే సేపునూ కూలీలో కలిపి మాట్లాడుకోవాలి. అరుగుదల గుర్తు దాకా పళ్లు అరిగితే కొత్త చైను వెయ్యాల్సిందే, దాని ఖర్చులోనూ తోట ఆసామికి వాటా ఉండాలి. మొదలు దాకా కొయ్యమన్నవాడు ముందుగా మొదలు చుట్టూ ఇసుక తీయించి పెట్టాలి.