ఎసట్లో పడకముందు

రాయ్‌పూర్‌లోని మా తెలుగు సంఘమునకు ఆదివారము వచ్చు కానుకలలో నా చూపు నోట్లు పడు పళ్ళెముమీదకంటె, గుమ్మము ప్రక్కనుండు నీలిరంగు డ్రమ్ముమీదనే ఎక్కువగా నిలుచుచుండును. ఆరాధనకు వచ్చిన స్త్రీలు ఆ డ్రమ్ములో తెచ్చి పోయునది పిడికెడు బియ్యము. పేరు పిడికెడేగాని, వారమంతయు పూటపూటకు తీసి దాచినది కాబట్టి ఒక్కొక్క సంచిలో అరకిలోకు తక్కువ ఉండదు. రేషను దుకాణపు దొడ్డుబియ్యము, బజారున కొనిన స్వర్ణ, ఒకరింట ఉప్పుడు బియ్యము, నగరీ ప్రాంతమునుండి చుట్టములు తెచ్చియిచ్చిన దూబరాజ్ నూకలు, అన్నియు అందులో ఏకమగును. దూబరాజ్ పరిమళము డ్రమ్ము మూత తీయగానే తెలియును. కాని ఆ బియ్యమును వండినవారికి తెలిసిన చిక్కు వేరొకటి కలదు. ఒక రకము ముద్దయగు వేళకు మరియొక రకము పలుకుగానే మిగిలియుండును. ఉప్పుడు బియ్యము ఉడికినదాక ఆగినచో నూకలు గంజియై పోవును. ఇన్ని ఇండ్ల బియ్యమును ఒక్క కుండలో సమముగా ఉడికించు విద్య మా స్త్రీల సమాజమువారికి నేటికిని పట్టుబడలేదు.

కానుకలు వేయువారిని గమనించుట మర్యాద కాదని నాకు తెలియును. అయినను, దేవాలయమున కానుకపెట్టెకు ఎదురుగా కూర్చుండి ఎవరెవరు ఏమి వేయుచున్నారో చూచినవాడు యేసుప్రభువే అని మార్కు సువార్త పండ్రెండవ అధ్యాయము చెప్పుచున్నది గనుక, నా అపరాధము అంత పెద్దది కాదని సమాధానము చెప్పుకొనుచుందును.

రాయ్‌పూర్‌లో తెలుగువారు ఎట్లు స్థిరపడిరని అడుగు ఉత్తరదేశపు మిత్రులకు నేను రైలుమార్గమును చూపుదును. విజయనగరమునుండి పార్వతీపురము వరకు 1909 నాటికే వచ్చియున్న పట్టాలు 1931లో తూర్పు కనుమలను దాటి రాయ్‌పూర్‌ను చేరినవి. బొబ్బిలి, పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా వచ్చు ఆ మార్గమున కూలీలు, కళాసీలు, గుమాస్తాలు, వారి వెనుక వారి కుటుంబములు ఈ నగరమునకు వచ్చిరి. బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతములు కెనడా దేశపు బాప్తిస్టు మిషనరీలు పనిచేసిన సీమ. కనుక ఆ రైలులో వచ్చినవారిలో కొందరి మూటలలో తెలుగు బైబిలును, క్రైస్తవ కీర్తనల పుస్తకమును ఉండెను. వారి యిల్లాండ్రు వెంటతెచ్చుకొన్న ఆచారములలో ఈ పిడికెడు బియ్యము ఒకటి. వరి వారికి క్రొత్త కాదు. వచ్చి చేరిన దేశమో ధాన్యపు గిన్నె అని పేరుపడినది. ఇక్కడి ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయమున భద్రపరచిన వరి రకములు ఇరువది వేలకు పైబడినవని, వానిలో పెక్కింటిని వరి శాస్త్రజ్ఞుడగు డాక్టర్ రిఛారియా 1970ల కాలమున ఊరూర తిరిగి సేకరింపజేసినవని తెలిసినప్పుడు, ఒక్క గింజకు ఇన్ని రూపములా అని ఆశ్చర్యపడని తెలుగువాడుండడు.

ఆచారము వినుటకు అతి సామాన్యము. పూటకు సరిపడు బియ్యము కొలిచిన పిమ్మట, కడుగకముందే, అందులోనుండి ఒక పిడికిలి తీసి వేరొక డబ్బాలో వేయవలెను. అంతియే. మా సంఘమున ఒక పెద్దమ్మ కలరు. శ్రీకాకుళపు మాట ఇన్నేండ్లైనను ఆమె నాలుకను విడువలేదు. ఒకనాడు వారింట కూర్చుండియుండగా ఆమె గిద్దెడు గ్లాసుతో మూడు గ్లాసులు కొలిచి చేటలో పోసి, రాళ్ళేరి, పిమ్మట ఎడమచేతితో చేటను వంచి కుడిచేతితో ఒక పిడికిలి తీసి, వ్రేళ్ళసందున జారిన నాలుగు గింజలనుకూడ ఏరి, పాత హార్లిక్సు సీసాలో వేసెను. తీసిన చోట మరల గింజ నింపలేదు. వండిన పిమ్మట మిగిలిన అన్నమునుండి ఇచ్చినచో సరిపోదా, అప్పుడు లోటు తెలియదు గదా అని నేనంటిని. ఆమె నావైపు చూడక, "ఎసట్లో పడకముందే తియ్యాల బాబూ. ఎసట్లో పడినాక లెక్క తెలిసిపోద్ది గదా, మరింకేటి తీస్తాం?" అనెను.

విశ్వాసమును గూర్చి నేను వినిన ప్రసంగములు చాల ఉన్నవి. వానిలో అధికభాగము విశ్వాసమును మనస్సులో పుట్టు ఒక ఉత్సాహముగను, సంశయము లేని ఒక స్థితిగను వర్ణించినవే. ఆ వర్ణన ప్రకారము చూచినచో నావంటి సంశయాత్ముడు ఏనాడును శిష్యుడు కాజాలడు. పెద్దమ్మ మాట దానిని చేతిపనిగా మార్చినది. లెక్క తేలకముందు చేయి కదలుట విశ్వాసము. లెక్క తేలిన పిమ్మట కదలినది ఔదార్యము కావచ్చును, అదియు మంచిదే, కాని రెండును ఒకటి కావు. పుష్యపూర్ణిమనాడు ఈ ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఛేర్‌ఛేరా పండుగ జరుగును. పిల్లలు ఇంటింటికి పోయి ధాన్యమడుగుదురు, కోతలు ముగిసి గాదెలు నిండియుండుటచే ఎవరును లేదనరు. ఎంతో అందమైన పండుగ. ఆ దానము నిండిన గాదెనుండి పుట్టుచున్నది. పెద్దమ్మ పిడికిలి కొలిచిన చేటనుండి పుట్టుచున్నది.

సారెపతు విధవరాలి కథ ఈ సందర్భమున జ్ఞాపకము రాక మానదు. రాజుల మొదటి గ్రంథము పదునేడవ అధ్యాయమున, కరవుకాలములో పుల్లలేరుకొనుచున్న ఆ స్త్రీ యొద్దకు ఏలీయా వచ్చి, ఆమెకును ఆమె కుమారునికిని మిగిలిన కడపటి పిండినుండి మొదట తనకు రొట్టె చేసి తెమ్మనెను. ప్రవక్త అడిగినది క్రౌర్యమని పైకి తోచును. కాదని వాదించువారు ఆకలి ఎరుగనివారు. ఆమె చేసెను. ఇక్కడ మన బోధకులు తరచుగా తొందరపడుచుందురు: ఇచ్చిన దానికి నూరంతలు వచ్చునని, ఆమె ఇల్లు ధాన్యముతో నిండెనని చెప్పుదురు. గ్రంథమున అట్లు లేదు. ఆ తొట్టి పొర్లినట్లు గాని, ఆమె పొరుగింటివారికంటె సంపన్నురాలైనట్లు గాని ఎక్కడను వ్రాయబడలేదు. పిండి తరిగిపోలేదు, అంతమాత్రమే. అనగా ఆమె ప్రతి ఉదయమును తొట్టి అడుగున చేయిపెట్టియే చూచుకొనవలసి వచ్చినది. అరణ్యమున ఇశ్రాయేలీయులు ఏరుకొనిన మన్నా సంగతియు అట్టిదే. మరునాటికి దాచినది పురుగుపట్టెను. యేసు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో అడుగుమన్నదియు ఒక్కనాటి ఆహారమే. నెలసరుకు అడుగుమని ఆయన చెప్పలేదు. నజరేతు సమాజమందిరమున ఆయన ఈ విధవరాలినే దృష్టాంతముగా ఎత్తినప్పుడు, వినినవారు కోపముతో లేచి ఆయనను కొండకొమ్ముకు తీసికొనిపోయిరన్నది మన ప్రసంగములలో అంతగా వినిపింపని భాగము.

రాయ్‌పూర్ ప్రాంతపు క్రైస్తవ చరిత్రకును ఈ లెక్కకును సంబంధము కలదు. సైలీషియా దేశీయుడగు ఆస్కర్ లోర్ మొదట రాంచీలో గోస్నరు మిషనులో పనిచేసి, 1857 కల్లోలములో ఆ స్థలమును విడిచి అమెరికాకు పోయి, అక్కడి జర్మను సంఘముల పక్షమున 1868లో మరల ఈ దేశమునకు వచ్చి, రాయ్‌పూర్‌కు కొంత దూరమున బంజరుభూమిని కొని విశ్రాంపూర్ అను గ్రామమును నెలకొల్పెను. గురు ఘాసీదాసు ఉపదేశముచే విగ్రహములను విడిచి సత్యనామమును ఆశ్రయించిన సత్‌నామీలు తనను చూచి ఆనందించిరని, ఇక ఆ జనసమూహమంతయు క్రీస్తువద్దకు వచ్చునని లోర్ తలచెను. అట్లు జరుగలేదు. వచ్చినవారు ఒక్కరిద్దరుగా వచ్చిరి, ఏండ్లు పట్టెను. అంతకంటె చిక్కైన సంగతి వేరొకటి: ఆ గ్రామమునకు మిషనరీయే మాల్గుజారు, అనగా భూస్వామి. భూమి ఆయనది, పని ఆయనది, పాఠశాల ఆయనది, రోగమునకు మందు ఆయనది. 1896-97, 1899-1900 సంవత్సరముల కరవులలో అన్నమును మిషనువారే పెట్టిరి. పెట్టకున్నచో ఎందరు చనిపోయెడివారో. నేను వారిని నిందించువాడను కాను. కాని దినభోజనము దొరసాని వంటశాలనుండి వచ్చుచున్నంతకాలము, పరలోకమందున్న తండ్రిని దినభోజనమునకై వేడుకొనుట ఒక పాఠముగా కంఠస్థమగునేగాని అనుభవముగా ఎట్లగును?

ఆ ప్రశ్నకు బదులు పెద్ద సభలలోకంటె వంటయిండ్లలో ముందుగా దొరికినదని నా అభిప్రాయము. 1910 జూన్‌లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అక్కడ భారతదేశమునుండి వెళ్ళిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, మిషనరీలు భారతీయులకొరకు ఎన్నియో త్యాగములు చేసిరిగాని వారిని స్నేహితులుగా చూడలేకపోయిరని నిర్మొగమాటముగా పలికెను. ఆ సంవత్సరముననే ఈశాన్యమున మిజో కొండలలో, చేత రొక్కము లేని క్రైస్తవ స్త్రీలు వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి సంఘమునకిచ్చు పద్ధతిని ఆరంభించిరి. అది నేటికిని వారి సంఘమునకు ఆధారముగా నిలిచియున్నది. అజరయ్యగారు 1912లో దోర్నకలు బిషపుగా అభిషిక్తులై, తెలుగు పల్లెలలో అతి దరిద్రులైన మాల మాదిగ విశ్వాసులనుకూడ ఇచ్చుటయందు శిక్షితులను చేసిరి. కోత పండుగకు వారు ధాన్యము, కోళ్ళు, కూరగాయలు తెచ్చి బలిపీఠము ముందు పెట్టెడివారు. ఇంత బీదవారినుండి పుచ్చుకొనుట న్యాయమా అని ఆనాడును అడిగినవారుండిరి. పుచ్చుకొనువాడుగానే మిగిలిపోయినవానికి శిష్యత్వము సగమే అందునన్నది బిషపుగారి పట్టుదల.

మా పురుషుల సంగతి చెప్పకున్న పక్షపాతమగును. దశమభాగమును మొత్తము జీతముమీద తీయవలెనా, ప్రావిడెంటు ఫండు, ఆదాయపు పన్ను, గృహఋణపు వాయిదా పోగా చేతికి వచ్చినదానిమీద తీయవలెనా అను వివాదము మా కూటములలో ఆరాధన ముగిసిన పిమ్మట టీ గ్లాసులు చేతపట్టుకొని నేటికిని సాగుచునేయున్నది. ఇరుపక్షములవారును వాక్యములు చూపుదురు. నేను రెండవ పక్షమువాడను, నా కారణములు నాకు కలవు. కాని ఆ వివాదమంతయు ఎసట్లో పడిన పిమ్మటి వివాదమని ఇటీవల నాకు తోచుచున్నది.

ఈ నడుమ చదువుకొన్న యువకుడొకడు నాతో, "అంకుల్, రేషను బియ్యములో పిడికెడు తీయడం కూడా విశ్వాసమేనా? అది గవర్నమెంటు ఇచ్చిందే కదా" అనెను. ప్రశ్న న్యాయమైనది. ఈ రాష్ట్రమున 2007లో బీదలకు చౌకగా బియ్యమిచ్చు పథకము ఆరంభమైనది. అది నడిపిన నాటి ముఖ్యమంత్రి రమణ్‌సింగ్‌కు చావల్ బాబా అని పేరే వచ్చినది. 2012లో ఆహారభద్రతకు చట్టముకూడ చేసిరి. కుటుంబమునకు నెలకు ముప్పదియైదు కిలోలు అందులోని ఆనాటి మాట. కరవులో చేతులు చాచి మిషను గుమ్మమున నిలుచున్న తాతముత్తాతల మనుమలకు నేడు బియ్యము హక్కుగా లభించుట దేవుని కృపయే అని నేను నమ్ముదును. అందుచే పిడికిలి బరువు తగ్గినదా? ఆకలి విషయమున తగ్గినది, అంగీకరింతును. కాని రేపటిని గూర్చిన భయము బియ్యమునుండి వేరొక చోటికి తరలిపోయినది: పిల్లవాని పరీక్షకు, కాంట్రాక్టు ఉద్యోగపు గడువుకు, ఆసుపత్రి బిల్లునకు. పెద్దమ్మ పిడికిలి తీయునప్పుడు పెదవులు కదలించుచుండెను. ఏమి ప్రార్థించితివని అడుగగా మనుమరాలి నర్సింగు సీటు గూర్చి అని చెప్పెను. యేసును వెంబడించుట అనగా నాకు తెలిసినంతవరకు ఇట్టిదే. వలలు విడిచి పోయినవారు కొందరు, మిగిలినవారు వల అల్లుకొనుచునే, బియ్యము కడుగుకొనుచునే ఆయన వెనుక నడువవలసినవారు. వారి త్రోవ పొడుగు, గుర్తులు తక్కువ.

మా సంఘమున గోడమీద క్యూఆర్ కోడు అంటించి ఏడాది దాటినది. ఫోను చూపినంతనే కానుక చేరిపోవును. లెక్క పరిశుద్ధముగా ఉండును, కోశాధికారికి నిద్రపట్టును. దానిని తప్పుపట్టను. కాని కోడు వచ్చినది కదా, డ్రమ్ము తీసివేయుదమా, పురుగులు చేరుచున్నవి అని సంఘ కమిటీలో ప్రస్తావన వచ్చినప్పుడు నేను ఒప్పుకొనలేదు. డబ్బు నెలకొక పర్యాయము జ్ఞాపకమునకు వచ్చును, ఆకలి దినమునకు రెండు పర్యాయములు. తీయు చేతికి అభ్యాసము కావలెనన్నచో రెండవదే మేలైన గురువు. స్త్రీల సమాజమువారు నాకంటె గట్టిగా వాదించిరి గనుక డ్రమ్ము నిలిచినది.

అందులోని బియ్యము సంఘములోని ఇద్దరు విధవరాండ్రకును, గ్రామములనుండి చదువుకై వచ్చి అద్దెగదులలో వండుకొను విద్యార్థులకును పంచబడుచున్నది. కనుక ఈ వ్యాసము చదువు సోదరీమణులకు ఒక మనవి: వానకాలమున డబ్బాలోని పిడికెళ్ళను రెండు వారములకు మించి ఇంట నిలువ ఉంచకుడు; నాలుగు ఎండిన వేపాకులు వేయుడు; సాధ్యమైనచో ఉప్పుడు బియ్యమును వేరొక సంచిలో తెండు, వండువారికి సుఖముగా ఉండును.